నీతికో ఫుట్‌నోటు

పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ సాహిత్యంలో నీతి మీద పరిశోధన చేసి బతకాలనుకునేవారు ముందుగా అలవరచుకోవలసింది నీతి జోలికి పోకపోవడం. తొందరేం లేదు, ఉద్యోగం పర్మనెంటయ్యాక చూసుకోవచ్చు.

ముందు అరలు కొట్టించండి. దోస్తోయెవ్‌స్కీ సంపూర్ణ రచనలు 30 సంపుటాలు, టాల్‌స్టాయ్‌వి 90. విశాలాంధ్రలో చవగ్గా కొన్న మాస్కో అనువాదాలు చదివి వీళ్లను ప్రేమించిన తెలుగువాళ్లు ఆ ప్రేమను ఇంటి దగ్గరే వదిలి రావాలి. ఇక్కడ 'కరమజోవ్ సోదరులు' అంటే చాలదు, "14వ సంపుటం, 223వ పుట" అనాలి. పసిబిడ్డ కన్నీటిబొట్టు ఖరీదుకు దొరికే లోకశాంతి తనకొద్దని సోదరుల్లో ఒకడైన ఇవాన్ దానిలోకి ప్రవేశ టికెట్టును దేవుడికి తిరిగిచ్చేసేది ఆ పుటలోనే. పుట సంఖ్య తప్పిందా, సమీక్షకుడు కన్నీళ్లు పెట్టుకుంటాడు. పసిబిడ్డ ఆయన శాఖ కాదు.

అంశం ఎంత ఇరుకైతే అంత క్షేమం. 'నేరము-శిక్ష'లో హంతకుడు రస్కోల్నికోవ్ ఇంటి గేటు నుంచి తాకట్టు ముసలమ్మ ఇంటికి సరిగ్గా 730 అడుగులని నవల చెబుతుంది. పీటర్స్‌బర్గ్ వెళ్లి నడిచి చూడండి. లెక్క కుదిరితే ఒక వ్యాసం, కుదరకపోతే రెండు. ఆ అడుగుల చివర గొడ్డలికి బలైంది ఇద్దరు. రెండో ఆమె ముసలమ్మ సవతి చెల్లెలు లిజవేత, వేళగాని వేళ ఇంటికొచ్చిన పాపానికి పోయింది. ఆమెను అసలు తలుచుకోనేమిటని హంతకుడే ఒకచోట ఆశ్చర్యపోతాడు. పరిశోధకుడికి ఆ బాధ లేదు, ఆమె నడిచొచ్చిన అడుగులు నవలలో లెక్కపెట్టి లేవు కదా.

కొత్తవాళ్లందరూ జారిపడే మెట్టొకటుంది: పాత్ర మాటను రచయిత నెత్తిన రుద్దడం. దేవుడు లేకపోతే ఏం చేసినా చెల్లుతుందన్నది దోస్తోయెవ్‌స్కీ సిద్ధాంతం కాదు, ఇవాన్‌ది. దాన్ని తు.చ. తప్పకుండా నమ్మిన వంటవాడు స్మెర్ద్యకోవ్ ఇంటి యజమానినే చంపి, గురువుగారికి లెక్క అప్పజెప్పాడు. పరిశోధక విద్యార్థిని సిద్ధాంతానికి అంత దగ్గరగా రానివ్వకూడదు.

టాల్‌స్టాయ్‌తో చిక్కు వేరు. 1881 నుంచి తను రాసినవి ఎవరైనా ఉచితంగా అచ్చేసుకోవచ్చని 1891లో పత్రికల్లో ప్రకటించాడు. మళ్లీ 1899లో 'పునరుత్థానం' నవలకు డబ్బు పుచ్చుకున్నాడు, దుఖొబోర్లనే పీడిత మతశాఖను కెనడా చేర్చడానికి. ఈ వైరుధ్యం మీద ముప్పై పేజీల వ్యాసం సునాయాసంగా వస్తుంది. జర్నల్ రచయితకు పైసా ఇవ్వదు. చదవదలచినవారు మాత్రం వ్యాసానికింతని కట్టాలి. సర్వహక్కులూ ప్రచురణకర్తవి.