కొల్లేటి గట్టున మావయ్యతో తగవు

కైకలూరు దగ్గర మా మావయ్యకి చేపల చెరువుంది. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పండక్కి వెళ్లిన ప్రతిసారీ గట్టు మీద ఇదే గొడవ: ఆ చెరువు ఆవరణ వ్యవస్థేనా, అంటే ఒకదాన్నొకటి ఆనుకుని తమంతట తాము బతికే జీవుల లోకమేనా అని.

మావయ్య: ఆవరణ వ్యవస్థంటే అడవీ పులీ మాత్రమేనా అమ్మాయ్? నా చెరువులో ఎండుంది, నాచుంది, నాచు తినే చేపుంది, చేపని మింగే గూడబాతుంది. ఏం తక్కువ?

నేను: తక్కువేం లేదు మావయ్యా, ఎక్కువే ఉంది. తవుడు, డీఏపీ ఎరువు, కోళ్ల పెంట.

మావయ్య: ఒకటి ఇంకోదాన్ని తింటూ పోతే, తిన్న శక్తిలో మెట్టు మెట్టుకీ పదో వంతే మిగులుతుందన్నది నువ్వేగా? కొల్లేట్లో కొరమీను పిల్లచేపని తింటుంది, పిల్లచేప పురుగుని, పురుగు నాచుని. కిలో కొరమీనుకి వెయ్యి కిలోల నాచు. నా చెరువులో శీలావతి చేపకి అన్ని మెట్లెక్కే పనే లేదు. మరి దుబారా ఎవరిది?

(నా వేలితో నా కన్నే పొడిచాడు.)

నేను: 1942లో లిండెమన్ అనే ఆయన అమెరికాలో ఓ చిన్న చెరువు మీద వేసిన లెక్కల నుంచి వచ్చిన మాట అది. పదో వంతన్నది ఉజ్జాయింపే. అయినా నీ శీలావతి నాచుతోనే బతుకుతోందా? తవుడంటే ఎవరి వరిచేలోనో పడ్డ ఎండ. తెల్లారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ తిప్పే కరెంటు ఎక్కడిది? అదంతా కలిపి లెక్క చెప్పు.

మావయ్య: సరే, ఎండని కొనుక్కున్నాననుకో. నేరమా?

నేను: ఎండతో పేచీ లేదు. రోజూ కొత్తగా వస్తుంది, చివరికి వేడిగా పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. పేచీ అంతా నీ డీఏపీలో, కోళ్ల పెంటలో ఉన్న భాస్వరంతో. నత్రజని ఎక్కువైతే బురదలో బాక్టీరియా కొంత గాలిలోకి వదిలేస్తాయి. భాస్వరానికి ఆ దారి లేదు. నీళ్లతోనో చేపతోనో పోవాలి, లేదంటే బురదలో కూర్చోవాలి. నువ్వు వేసినదాంట్లో కొంత ఐసులో పడుకుని లారీలో బెంగాలు పోతోంది. మిగిలింది అడుగున. చెరువు తోడిన నీళ్లు ఎటు పోతున్నాయి? కొల్లేట్లోకేగా. గుర్రపుడెక్క ఊరికే పెరిగిందా?

మావయ్య: అంతా నా నెత్తినే రుద్దు! బుడమేరు బెజవాడ మురుగు మోసుకొస్తోంది. డెల్టా పొలాల ఎరువంతా డ్రెయిన్లలో ఇటే దిగుతోంది. 2006లో ఆపరేషన్ కొల్లేరని సర్కారు వాళ్లు సరస్సులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారుగా, గుర్రపుడెక్క పోయిందా?

నేను: పోలేదు.

(ఇక్కడ ఒప్పుకోక తప్పలేదు.)

నేను: కానీ ఒకప్పుడు కొల్లేటికి తన తిరుగుడు తనకుండేది. వేసవిలో నీరు తీసిన చోట గడ్డి మొలిచేది, గేదెలు మేసి పేడ వేసేవి. వరదొస్తే ఆ పేడే చేపపిల్లకి తిండి. ఎక్కువైంది ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోయేది. అడ్డంగా గట్లు లేస్తే ఎలా పోతుంది?

మావయ్య: ఆ ఉప్పుటేరులోంచే వేసవిలో ఉప్పునీరు ఎగదన్నుతోంది, అది చెప్పవేం? కొల్లేటి చాంతాడంత పాఠం చెబుతున్నావు గానీ, ఆటపాక గూడబాతుల్ని చూడు. గూడు అభయారణ్యంలో, కంచం నా చెరువులో!

నేను: రెట్ట మాత్రం గూటి కిందే. నీ భాస్వరాన్ని అవి కూడా కొల్లేటికే మోస్తున్నాయి.

మావయ్య: అయితే నన్నేం చెయ్యమంటావు?

నేను: చెరువు ఎండగట్టినప్పుడు ఆ బురద ఏం చేస్తున్నావు?

మావయ్య: పొక్లెయిన్ పెట్టి గట్టుకే ఎత్తిస్తా.

నేను: వానకి మళ్లీ చెరువులోకే జారుతుంది. పక్క వరిచేలోకి తోలించు. భాస్వరం కోసం వేసే సూపర్ ఫాస్ఫేటు బస్తాలు కొన్నైనా తగ్గుతాయి.

మావయ్య: ట్రాక్టరు కిరాయి నువ్విస్తావా?

నేను: ముందు మట్టి పరీక్ష చేయిద్దాం. ఉప్పెంతుందో చూడాలిగా.

మావయ్య: చూశావా, ఉప్పు మాట ఇప్పుడు నీ నోటే వచ్చింది!