కిర్రు కిర్రుమంటూ నిశ్శబ్దంలోకి

సైకిలు యాత్రికుడికి హైవే గిట్టదు. లారీల హోరు, హారన్ల మోత మానవజాతి తన మీద కక్షగట్టి చేస్తున్న నేరాలని అతని గట్టి నమ్మకం. అందుకే మ్యాపు ముందేసుకుని, లావుపాటి గీతలన్నీ వదిలేసి, అడవిలోంచి పల్లెల మీదుగా పోయే సన్నటి చుక్కల గీతను వెతికి పట్టుకుంటాడు. బయల్దేరతాడు. ఎండిన చైను కీచుకీచుమంటుంది. మడ్‌గార్డు టపటపలాడుతుంది. సంచిలో గిన్నే గరిటే కచేరీ పెడతాయి. జేబులోంచి ఫోను ‘రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి’ అని చెట్లక్కూడా దారి చెబుతుంది. తిరిగొచ్చాక మొహం దిగాలుగా పెట్టి ‘అడవుల్లో కూడా ప్రశాంతత కరువైపోయిందండీ’ అంటాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం పాత సామెత. చంకలో రొద పెట్టుకుని అడవంతా నిశ్శబ్దం కోసం గాలించడం దాని సవరించిన ముద్రణ. కనుక అడవి తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు.

మొదటి ముద్దాయి చైను. నూనె లేదన్నది ఆరోపణ కాదు. ఉన్న నూనె పనికిరాని చోట ఉందన్నది ఆరోపణ. కీచుమనేది లోపల, లింకుల్ని కలిపే పిన్నుల దగ్గర, వాటి మీద తిరిగే రోలర్ల దగ్గర. బయటి పలకల మీద నిగనిగలాడే నూనెకున్న ఏకైక ఉద్యోగం దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకోవడం. ఆ రెండూ కలిసి చైనును సానబట్టే ముద్దవుతాయి. ముందు పాతగుడ్డతో తుడవాలి. ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి ఇరవై చుట్లు తిప్పి, పది నిమిషాలు ఆగి, పైన కనిపించేదంతా మళ్లీ తుడిచేయాలి. డబ్బు పెట్టి కొన్నదాన్ని తుడిచేయమంటే చాలామందికి ప్రాణం ఒప్పదు. ఇక కొలత: కొత్త చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టినప్పుడు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ చూపిస్తే దానికి పదవీ విరమణ ఇచ్చేయాలి. ఎనిమిదో వంతు దాకా దయతలిస్తే పోతూపోతూ పళ్లచక్రాలను కూడా వెంట తీసుకుపోతుంది.

రెండో ముద్దాయి పేరు కిర్రు. ఇది పుట్టేది ఒకచోట, వినిపించేది ఇంకోచోట. ఫ్రేము బోలు గొట్టాలు కాబట్టి సీటు కింద పుట్టిన చప్పుడు పెడళ్లను తిప్పే క్రాంకు దగ్గర వినిపిస్తుంది. యాత్రికుడు ఆవేశపడి క్రాంకు బేరింగులు మార్పిస్తాడు. కొత్త బేరింగులతో పాత కిర్రు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. దర్యాప్తు ఇలా సాగాలి. పెడల్ ఆపి బండిని దానంతటది పోనివ్వండి. అయినా చప్పుడు ఆగకపోతే చక్రాల వైపు చూడండి. ఆగితే, లేచి నిలబడి తొక్కండి. అప్పుడు మాయమైతే నేరం సీటుది, లేదా సీటు గొట్టానిది. గొట్టం బయటికి లాగి, ఇసుక తుడిచి, పల్చగా గ్రీజు రాస్తే సరి (కార్బన్ గొట్టానికి గ్రీజు పనికిరాదు, దాని పేస్టు వేరు). పెడల్ చుట్టుకు ఒకసారి చొప్పున వస్తుంటే పెడల్ మరలు, చైన్‌రింగు (ముందు పళ్లచక్రం) బోల్టులు అనుమానితులు. ఎడమ పెడల్ మర ఉల్టా అన్నది మరిచిపోయి, విప్పుతున్నామనుకుంటూ ప్రాణం పెట్టి బిగించేవాళ్లకు సానుభూతి తప్ప మరేమీ ఇవ్వలేం. అలా కాక రెండున్నర చుట్లకోసారి వస్తోందా? 110 లింకుల చైను 44 పళ్ల చక్రం మీదుగా ఒక ప్రదక్షిణ పూర్తిచేయడానికి పట్టేది కచ్చితంగా రెండున్నర చుట్లు. ఎక్కడో ఒక లింకు బిగుసుకుంది. దాన్ని చేత్తో పట్టి పక్కలకు వంచితే వదులవుతుంది.

క్యారియరు బోల్టులు చిన్నవి, 5 మిల్లీమీటర్లవి. కంకర దారిలో సామాను ఊగే కొద్దీ అవి మర్యాదగా, ఎవరికీ చెప్పకుండా వదులవుతాయి. తొలిరోజు సాయంత్రమే 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో (ఆరు పలకల తాళంతో) ఒకసారి పలకరిస్తే చాలు. గిన్నెలో గుడ్డలు కుక్కితే కచేరీ కూడా ముగుస్తుంది.

టైర్లలో రాయిలా గాలి కొట్టడం మరో వీరత్వం. గట్టిగా ఉంటే వేగమని సిద్ధాంతం. నున్నటి తారు మీద కొంతవరకూ నిజమే. అడవి దారిలో అదే టైరు ప్రతి రాయినీ ఎక్కి దిగి, ఆ కుదుపంతా మడ్‌గార్డుకూ వెన్నెముకకూ పంచిపెడుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు, సామానుతో సహా మామూలు బరువున్న మనిషికి, 40 నుంచి 50 పీఎస్‌ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) చాలు. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఒకే రంధ్రముంటే ముల్లు; అది ఇంకా టైరులోనే కూర్చుని కొత్త ట్యూబు కోసం ఎదురుచూస్తుంటుంది. లోపలంతా గుడ్డతో తడమండి, వేలితో వద్దు.

ఎక్కుడు మీద వినిపించే కొలిమితిత్తి చప్పుడు మాత్రం బండిది కాదు, యజమానిది. పది శాతం ఎత్తు అంటే కిలోమీటరుకు వంద మీటర్లు. ముందు 30 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ చుట్టుకు సుమారు 1.85 మీటర్లే కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడు కిలోమీటర్లు కూడా రావు. సామానుతో ఎక్కడానికి కావలసింది అదే. కానీ పెద్ద గేరులో రొప్పడంలో ఉన్న గౌరవం చిన్న గేరులో కూనిరాగం తీయడంలో లేదట.

ఇక ఫోను. దాని అరుపు లేకుండానే దారి దొరుకుతుంది. బెల్జియంలోని లింబర్గ్‌లో 1995లో కూడళ్లకు అంకెలు వేసి సైకిలు దారులు కలిపారు. గని సొరంగాల కూడళ్లకు అంకెలుండే పద్ధతే ఆ ఆలోచనకు మూలం. కావలసిన అంకెలు చీటీ మీద రాసుకుంటే చాలు, ఎవరూ అరవక్కర్లేదు. అంకెల్లేని చోట మలుపులే రాసుకోవచ్చు. ఫోను చెప్పే ‘దగ్గరి దారి’కి దూరం తప్ప మరో పట్టింపు లేదు. జనమే కలిసి గీసుకునే ఇంటర్నెట్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిదారుల గట్టిదనానికి ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడ్లుంటాయి: ఒకటి గట్టినేల, ఐదు మెత్తనిది. వాన వెలిశాక నీడపట్టున నాలుగూ ఐదూ రోజుల తరబడి ఆరవు. పైగా దుంగల బండ్లు తిరిగితే ఆ చక్రాల గాడుల్లో మునిగిన సైకిలును మోయడం తప్ప తొక్కడం ఉండదు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య బంకమట్టి బిగిసినప్పుడు దొరికేది మాత్రం నిజమైన నిశ్శబ్దమే. చక్రం తిరగదు కదా.

ఇవన్నీ సరిదిద్దుకున్న యాత్రికుడు చివరికి గాలిలా పల్లెలోకి ప్రవేశిస్తాడు. ముందు నడుస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి సరిగ్గా చక్రం కిందికే తప్పుకుంటాడు. అరుగు మీద నిద్రపోతున్న కుక్క ఇంత దొంగతనంగా వచ్చినవాణ్ని ఇంతవరకూ చూడలేదని తీర్మానించి వెంటపడుతుంది. కనుక ఇంత కష్టపడి చప్పుళ్లన్నీ చంపుకున్నవాడు కొనుక్కోవలసిన చివరి సామాను ఒక గంట. బొటనవేలికి అందేలా బిగించాలి, మనిషికి ముప్ఫై మీటర్ల ముందే ఒక్కసారి కొట్టాలి. హ్యాండిల్ సంచీ గంట డిప్పకు తగలకుండా చూసుకోవాలి. తగిలితే ట్రింగుమనదు, టక్కుమంటుంది.