మూడు గ్రాముల భారం

గెలీలియో ఇటలీలోని టస్కనీ వాడే. 1564లో పీసాలో పుట్టాడు. బరువైన గుండూ తేలికైన గుండూ ఒకేలా కిందపడతాయని చెప్పి లోకాన్ని ఒప్పించాడు. పీసా గోపురం మీంచి నిజంగా గుండ్లు పడేశాడా లేదా అన్నది వేరే గొడవ. పాపం, ఆయనకి అందని భౌతికశాస్త్రం ఒకటుంది, ఇప్పుడు అదే టస్కనీ కొండల్లో రోజూ రుజువవుతోంది. నీరసం రాకుండా దారిలో మింగే అరవై గ్రాముల ఎనర్జీ జెల్ పొట్లాన్ని జేబులో పెట్టుకుని సైకిలు మీద కొండలకి కొండలు ఎక్కేసిన మనిషి, ఆ జెల్ పిండుకు మింగాక మిగిలిన ఖాళీ కవరుని మాత్రం ఒక్క అడుగు మోయలేడు. ఖాళీ అయిన క్షణాన దాని బరువు అమాంతం పెరిగిపోతుంది. చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది, వేళ్ళు వాటంతటవే విడిపోతాయి, కవరు ఎవరిదో ద్రాక్షతోటలో పడుతుంది. నేనొకటి ఏరుకొచ్చి మా వంటింటి త్రాసులో తూచాను. మూడు గ్రాములు.

ఆ మనిషి తొక్కేది గ్రావెల్ బైక్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గ్రావెల్ బైక్ అంటే రేసు సైకిల్లా కొమ్ములు వంగిన హ్యాండిలు, దానికన్నా లావు టైర్లు ఉన్న సైకిలు. కంకర రోడ్ల మీద తొక్కడానికి. అవును, కంకర రోడ్ల మీదే. మన ఊళ్ళో కంకర పోసి కాంట్రాక్టరు మాయమైతే మూడేళ్ళపాటు వాడి వంశాన్ని తిట్టుకుంటూ తొక్కుతాం చూడండి, ఆ జాతి రోడ్డే. ఇక్కడ దాని మీద తొక్కడానికి ఐదు వేల యూరోలు పెట్టి సైకిలు కొనేవాళ్ళు బోలెడుమంది, అంటే ఐదు లక్షల రూపాయల పైమాటే. నవ్వకండి. సియెనా చుట్టుపక్కల, కియాంతీ కొండల్లో ఈ రోడ్లు నిజంగానే మనిషిని కట్టిపడేస్తాయి. స్త్రాదె బియాంకె అంటారు, తెల్ల రోడ్లు అని. వేసవిలో పిండిలాంటి దుమ్ము, వాన పడిందా బంకమట్టి, రెండు పక్కలా సైప్రస్ చెట్లు, ఆలివ్ తోటలు. పొద్దున్నే బయల్దేరితే గంటసేపు మన టైరు కింద రాయి నలిగే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

ఈ రోడ్లని సైకిలు వాళ్ళ కోసం ఎవరూ వేయలేదు. ఎద్దుబండ్లు తిరిగిన దారులివి. సగం పంట దొరకి, సగం పండించినవాడికి అన్న కౌలు పద్ధతిలో తరాల తరబడి బతికిన రైతులవి. వాళ్ళు పొలాలు వదిలి పట్నాలకి పోయారు, రోడ్లు మిగిలాయి, ఒక్కోదాని మీదా తారు పడటం మొదలైంది. అప్పుడు జాన్‌కార్లో బ్రోచీ అనే ఆయన, ఈ తెల్ల రోడ్లని కాపాడుకుందాం రండని 1997లో గాయోలె అనే చిన్న ఊళ్ళో 92 మందితో ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. దాని పేరు లెరోయికా. 1987కి ముందు తయారైన పాత సైకిళ్ళే తేవాలి. దారిలో ఆగినచోట జెల్ ఇవ్వరు, రొట్టె, రిబొల్లీతా సూపు, వైను పెడతారు. రోడ్డు బాగుచెయ్యమని ధర్నా చేయడం మనకి తెలుసు, తారు వెయ్యకండి మహాప్రభో అని పోరాడినవాళ్ళని నేను ఇక్కడే చూశాను. ఆ పోరాటం గెలిచింది. గెలిచి ఎవరి చేతికి చిక్కిందో ఇప్పుడు చెప్తాను.

అషానో దగ్గర మోంతె సాంతె మరియె అని పదకొండున్నర కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉంది. అక్కడ ఒక ఎత్తు ఎక్కి, సైప్రస్ చెట్టు నీడలో నా సెకండ్‌హ్యాండ్ సైకిలు పడుకోబెట్టి రొట్టె తింటున్నాను. ఐదుగురి బృందం వచ్చింది. ఏ దేశంవాళ్ళని అడక్కండి, అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు, మనవాడొకడు కూడా ఉన్నాడు. వాళ్ళలో పెద్దాయన గురువుగారి టైపు. బరువు గురించి ప్రవచనం మొదలుపెట్టాడు. బోల్టులన్నీ తీసేసి టైటానియం వేయించాడట. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడట. టైరు వాల్వుల మూతలు కూడా పారేశాడట, గ్రాము బరువైనా బరువే కదా అని. ముందు టైరులో గాలి 1.9 బార్ ఉండాలా 1.8 ఉండాలా అన్న దాని మీద ఇరవై నిమిషాలు చర్చ నడిచింది, ఒకాయన అలిగాడు కూడా.

తర్వాత గురువుగారికి నిశ్శబ్దం గుర్తొచ్చింది. "ఇక్కడ మనిషి జాడే లేదు, విన్నారా?" అని అరిచాడు. ఆ నిశ్శబ్దాన్ని వీడియో తీయాలన్నాడు. అందరూ నోళ్ళు మూశారు. ముప్ఫై సెకన్లు. పదో సెకనులో ఎవరికో దగ్గు. మళ్ళీ మొదలు. ఈసారి దూరంగా ట్రాక్టరు. గురువుగారు ఆ ట్రాక్టరు వైపు చూసిన చూపు చూడాలి, వాడి పొలంలో వాడు దున్నుకోవడం ఎంత అమర్యాద! మూడోసారి కుక్క. నాలుగోసారి నేను రొట్టె నమిలాను. మనవాడు నా దగ్గరికొచ్చి తెలుగులో గుసగుసగా, "అన్నా, కాస్త ఫ్రేమ్‌లోంచి జరగరా, ప్లీజ్" అన్నాడు. జరిగాను. ఐదో టేకుకి ముందు గురువుగారికి నీరసం వచ్చి ఒక జెల్ తీశాడు, పంటితో మూల చింపాడు, పిండాడు, కవరు అలా వెనక్కి వదిలాడు. అది సరిగ్గా ఫ్రేములో పడింది. అక్కడ అప్పటికే ఇంకో రెండు పాతవి ఉన్నాయి. ఆయన వచ్చి ఏంచేశాడంటే, బూటు కాలితో మూడింటినీ నెమ్మదిగా ఫ్రేము అవతలికి తోశాడు. వంగలేదు. తోశాడు. మూడు కవర్లూ నా పక్కకి, అంటే మనిషి జాడ ఉండటానికి అనుమతి ఉన్న వైపుకి, వచ్చి చేరాయి.

ఆరో టేకులో పియాజియో ఆపే వచ్చింది. మన ఊళ్ళలో తిరిగే ఆపే ఆటోకి సాక్షాత్తూ తోబుట్టువు, ఆపే అంటే వాళ్ళ భాషలో తేనెటీగ. మన దగ్గర చెయ్యెత్తినా ఆగని ఆపే ఇక్కడ ఎవరూ పిలవకుండానే ఆగింది. ముసలాయన దిగాడు. నడుం పట్టుకుని వంగాడు, ఒక కవరు తీశాడు, నడుం నిమురుకున్నాడు, రెండోది, మూడోది. వెనక తొట్టిలో ఒక బకెట్ ఉంది, అందులో పడేశాడు. ఆ బకెట్ అప్పటికే సగం నిండి ఉంది. బొంజోర్నో అని అందరికీ చెప్పి వెళ్ళిపోయాడు. వాళ్ళు చెయ్యూపారు, వీడియో తీశారు, "అసలైన టస్కనీ అంటే ఇదీ" అనుకున్నారు.

ఒరేయ్, ఆయనకి డెబ్బై దాటాయిరా. మీరు ముప్ఫై కిలోమీటర్లు మోసుకొచ్చినదాన్ని, తిన్నాక మడిచి జేబులో పెట్టుకోవడానికి మీకేం రోగం? శరదృతువులో చెట్ల కింద వలలు పరిచి ఆలివ్ కాయలు రాలుస్తారు, ఆ వలల్లో కాయలతో పాటు ఈ కవర్లు ఏరుకోవడం నేను కళ్ళారా చూశాను. ప్లాస్టిక్కూ అల్యూమినియమూ కలిపి అతికించిన పొర అది, మట్టిలో కలవదు, ఎండకి చిరిగి ముక్కలవుతుంది తప్ప. ఎవడో తాత ముత్తాతల నాటి దారిని మీ కోసం తారు పడకుండా కాపాడితే దాని మీద ఎంగిలి కవర్లు విసురుతారా? సిగ్గులేదూ?

సరే, ఊపిరి పీల్చుకున్నాను. అసలు ఈ విసరడం ఎక్కడ నేర్చారంటే టీవీలో. ఈ తెల్ల రోడ్ల పేరుతోనే జరిగే స్త్రాదె బియాంకె రేసులో 2024లో పొగాచర్ అనే స్లొవేనియా సైక్లిస్టు చివరి 81 కిలోమీటర్లు ఒక్కడే తొక్కి గెలిచాడు. చూసినవాళ్ళకి ఆయన కాళ్ళు రాలేదు గానీ మణికట్టు మాత్రం వచ్చేసింది. తమాషా ఏంటంటే అసలు రేసుల్లో ఇలా ఎక్కడపడితే అక్కడ పారేస్తే శిక్ష. 2021లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమాలు బిగించింది, గుర్తుపెట్టిన చోటే పడేయాలి. ఆ ఏడాది బెల్జియంలో జరిగిన ఫ్లాండర్స్ రేసులో మైకేల్ షేర్ అనే సైక్లిస్టు రోడ్డు పక్కనున్న అభిమానుల వైపు నీళ్ళ సీసా విసిరాడని రేసులోంచే పంపించేశారు. జీతం తీసుకుని తొక్కేవాడికి ఆ గతి, సెలవు పెట్టుకుని తొక్కేవాడికి మాత్రం స్వేచ్ఛ.

అందుకే సియెనా పట్టణానికి నాదొక విన్నపం. అక్కడ 17 పేటలున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో గుర్తు: నత్త, తాబేలు, పెద్దబాతు, ముళ్ళపంది. జూలై 2న, ఆగస్టు 16న వాటి మధ్య జీను లేని గుర్రాల పందెం జరుగుతుంది. పద్దెనిమిదో పేట ఒకటి పెట్టేయండి. జెండా మీద చిరిగిన జెల్ కవరు. అక్కడ పేటలకి ఆగర్భ శత్రువులుంటారు కదా, వీళ్ళకి చెత్తబుట్ట. గుర్రం అక్కర్లేదు, ముందు ఒకడు పోతుంటే వెనక వాడి కవర్లు ఏరుకుంటూ ఒక ఆపే వస్తే చాలు.

ఆ రోజు నుంచి నేనూ ఏరడం మొదలుపెట్టాను. మొన్న ఆదివారం పదకొండు దొరికాయి. వెనక జేబులో కుక్కుకుని ఇంటికి తెచ్చాను, సాల్టెడ్ కారమెల్ రుచి అట, జెర్సీ రెండుసార్లు ఉతికినా జిగట వదల్లేదు. బాల్కనీలో ఆరేస్తే చీమలు పట్టాయి. జేబు మూలలో ఉండిపోయిన కవరు ముక్క ఒకటి, పంటితో చింపిన ఆ చిన్న మూల, కింద పడినట్టుంది. రెండు చీమలు దాన్ని గోడ ఎక్కిస్తున్నాయి.