ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

ఎస్‌ఎంపీఎస్ గురించి, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా గురించి, మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో ఆకుపచ్చ వైరు, నల్ల వైరు కలపండి. ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టే. తిరక్కపోతే పారేయండి, లోపలి సర్క్యూట్ ఎవరికీ అంతుపట్టదు. విప్పాలనిపిస్తే ప్లగ్ పీకేయండి, షాక్ కొట్టదు." ఇదీ సంగతి.

ముందు ఆ చివరి మాట, ఎందుకంటే అది ప్రాణాల మీదకి తెచ్చేది. మన 230 వోల్టుల ఏసీ బ్రిడ్జి డయోడ్లు దాటేసరికి సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది, పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్నవాటిలో 380 పైనే. అదంతా పెద్ద కెపాసిటర్లలో కూర్చుంటుంది. దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ ఓపెన్ అయిపోతే ప్లగ్ పీకి టీ తాగొచ్చినా చార్జి అలాగే ఉండొచ్చు. మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

ఇక ఫ్యాన్. అది 12 వోల్టుల లైను మీద నడుస్తుంది, 8 వోల్టులు వచ్చినా తిరిగేస్తుంది. కానీ ఆ లైనులో 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టుల లైనులో 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. మొన్న సముద్రం పక్క ఊరి నుంచి నా దగ్గరికి ఒక ఎస్‌ఎంపీఎస్ రిపేరుకి వచ్చింది, ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, కంప్యూటర్ మాత్రం లేవదు. పాత హార్డ్ డిస్క్ లోడుగా తగిలించి చూస్తే 5 వోల్టుల లైనులో 4.3. వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని మదర్‌బోర్డుకి చెప్పే బూడిదరంగు వైరులో ఏమీ లేదు. లోపల ఒక కెపాసిటర్ నెత్తి పూరీలా పొంగి ఉంది. పైగా, కొన్ని కొత్త మోడళ్లలో లోడు లేకపోతే ఫ్యాన్ అసలు తిరగదు, మెసేజ్ నమ్మితే అవి చెత్తబుట్టకే.

సర్క్యూట్ అంతుపట్టదా? బోర్డు తిరగేసి వెనకనుంచి ఫోన్ టార్చి వేయండి, మధ్యలో రాగి లేని ఒక గట్టు కనిపిస్తుంది. అటు మెయిన్స్, ఇటు మనం ముట్టుకునే వైర్లు. ఆ గట్టు దాటేవి ట్రాన్స్‌ఫార్మర్లు, ఆప్టోకప్లర్లు (వైరు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించేవి), ఒకటో రెండో నీలం కెపాసిటర్లు, అంతే. నేనైతే ఊదా వైరు దగ్గర మొదలుపెడతా. ప్లగ్ పెట్టగానే, ఆకుపచ్చ వైరు ముట్టకుండానే అక్కడ 5 వోల్టులు రావాలి. రాలేదంటే, ఫ్యూజు బాగుంటే, స్టాండ్‌బై సర్క్యూట్ (కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఆ 5 వోల్టులు ఇచ్చేది) చూడాలి. స్టార్టప్ రెసిస్టర్ పోవడమో, పక్కనున్న చిట్టి కెపాసిటర్ ఎండిపోవడమో చాలాసార్లు కారణం, పదో ఇరవయ్యో రూపాయల పార్టు.

ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉంటే మాత్రం వైరు చుట్టి నడిపించకండి బాబూ. ముందు బ్రిడ్జి, స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్లు మీటరుతో చూసి, 60 వాట్ల పాత బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే ముందుకెళ్లొచ్చు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఇంకా ఉంది.