దొరికిపోయిన సినిమా గతేం కాను?

అర్థం కాని సినిమా తీయడం పెద్ద విద్యేమీ కాదు. మనవాళ్లు కోట్లు పోసి, అనుకోకుండానే తీసేస్తుంటారు. అర్థం కాకపోవడంతో పాటు దొరక్కుండా కూడా ఉండాలి. అప్పుడే వింత సినిమాలు పోగేసే భక్తులు దానికి పీట వేస్తారు.

ఈ మర్మం తెలిసిన మహానుభావుడు అలెన్ క్లీన్. చిలీ దర్శకుడు హొడొరోవ్‌స్కీ తీసిన కౌబాయ్ తరహా వింత సినిమా 'ఎల్ టోపో'ని 1970 డిసెంబరు నుంచి న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్లో అర్ధరాత్రి ఆటలుగా వేశారు. జనం నెలల తరబడి ఎగబడ్డారు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ మురిసిపోయి, తన మేనేజరు క్లీన్‌ చేత హక్కులు కొనిపించాడు. తర్వాత దర్శకుడికీ క్లీన్‌కీ చెడింది. దాంతో క్లీన్ సినిమాని దాదాపు 30 ఏళ్లు బయటికి రానివ్వలేదు. లోకం దాన్ని కక్ష అంది. నేను కళాసేవ అంటాను. దొంగ క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టు, దాన్నుంచి మరొకటి. తెరమీద గుర్రమేదో మనిషెవరో తెలియని కొద్దీ భక్తి ముదిరింది. 2007లో శుభ్రమైన డీవీడీ వచ్చిపడింది. ఇప్పుడు గుర్రం గుర్రంలాగే కనిపిస్తోంది. ఇంకేం మిగిలింది?

మనకూ ఓ రత్నం ఉండేది. కమల్ స్వరూప్ ప్రభుత్వ చలనచిత్ర సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ సొమ్ముతో తీసిన హిందీ చిత్రం 'ఓం దర్-బ-దర్', 1988. అజ్మీరు, పుష్కర్, కప్పలు, వజ్రాలు, ఊపిరి బిగబట్టి నీళ్లలో ఉండిపోగల కుర్రాడు ఓం. కథ మాత్రం అడక్కండి, మర్యాదగా ఉండదు. ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల అవార్డయితే వచ్చింది గానీ, సినిమా హాలు దొరకలేదు. పాపం ఓం 26 ఏళ్లు ఊపిరి బిగబట్టాడు. 2014 జనవరిలో పీవీఆర్ వాళ్లు విడుదల చేసేశారు. ఎవరు పడితే వాళ్లు టికెట్టు కొనుక్కుని, పాప్‌కార్న్ నములుతూ చూడొచ్చట! "నేను చూశాను" అన్న ఒక్క ముక్కతో పాతికేళ్లు సభల్లో ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల గతేమిటని ఒక్కరైనా ఆలోచించారా?

ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికే కాబోలు, ఇప్పుడు వింత సినిమాల డిస్కులకి అట్టపెట్టెలొచ్చాయి. డిస్కు అదే, సినిమా అదే. పైన తొడిగే రంగుల అట్ట మాత్రం పరిమిత సంఖ్యలో వేస్తారు. సీలు విప్పితే ధర పడిపోతుంది కాబట్టి కొన్న భక్తులు విప్పరు. అంటే సినిమా చూడడం ఆస్తినష్టం కిందికి వస్తుంది. వీళ్లకి నా జోహార్లు. అసలైన విమర్శకులు వీళ్లే, ఏ సినిమానీ తప్పు పట్టరు.

పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వారికి ఒక్క విన్నపం. పాత రీళ్లు బాగుచేస్తున్నారు, సంతోషం. అలా బాగుచేసిన ప్రతి సినిమాకీ బదులుగా ఇంకోదాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి పారేయండి. ఎక్కడ పారేశారో నా ఒక్కడి చెవిలో వేస్తే చాలు.