ఊరి పేజీలో ఊరి మాట

పరకాల దగ్గరి మా ఊరు అయిదేళ్లలో మూడు జిల్లా పేర్లు చూసింది: 2016 అక్టోబరు దాకా వరంగల్, ఆ తరువాత వరంగల్ గ్రామీణ, 2021 నుంచి హనుమకొండ. తెలుగు వికీపీడియాలోని మా ఊరి పేజీ మాత్రం పాత పేరుతోనే ఉంటే, ఊరు వదిలి వచ్చి దూరంగా ఉంటున్న నేను, ఇక్కడ ఒక రాత్రి భోజనాలయ్యాక కూర్చుని నేనే ‘సవరించు’ నొక్కి మార్చాను. తప్పు చూసినవారే దాన్ని దిద్దగలగడం ఇంటర్నెట్ మనకిచ్చిన వాటన్నిటిలోకీ గొప్పదని నా నమ్మకం.

నిజానికి ఈ ఆలోచన వెబ్‌తోపాటే పుట్టింది. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో తయారుచేసిన మొదటి బ్రౌజరులో పేజీని చదవడానికే కాదు, మార్చడానికీ వీలుండేది. తరువాత జనంలోకి వెళ్లిన మొజాయిక్ వంటి బ్రౌజర్లలో ఆ వీలు లేకపోవడంతో, రాయడం కొద్దిమంది పనిగా, చదవడం మిగతా అందరి వంతుగా మిగిలిపోయింది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు, చదివేవారే మార్చగల ‘వికీ’ అనే వెబ్‌సైటుతో ఆ వీలును మళ్లీ అందరికీ ఇచ్చారు. 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి.

జిల్లా పేరు మార్చిన ఉత్సాహంతో మా చెరువు గురించి కూడా నాలుగు వాక్యాలు రాసి, మత్తడి తూర్పు వైపు దుంకుతుందన్నాను. ఫోనులో చదివిన మా చిన్నాయన ‘తూర్పు కాదు బిడ్డా, ఉత్తరం’ అన్నారు. దిద్దాను. వారం తిరగకముందే కోస్తా ప్రాంతపు సభ్యులొకరు మత్తడిని ‘అలుగు’ అని మార్చారు. చర్చ పేజీలో మాట్లాడుకున్నాక, మత్తడి అనే మాట అలాగే ఉంచి, దాన్నే కొన్నిచోట్ల అలుగు అంటారని పక్కనే రాశాం. ఎవరు ఏం మార్చారో ‘చరిత్ర’లో ఇప్పటికీ ఉంది. చెరువు వివరాలకు ఆధారం అడిగితే, చిన్నాయన కట్ట మీదికి వెళ్లి మిషన్ కాకతీయ (చెరువుల పునరుద్ధరణ పథకం) శిలాఫలకం ఫోటో తీసి పంపారు.

ఊళ్లు వదిలి వచ్చిన మనవాళ్ల సంఘంలో రోజూ వందల సందేశాలు ఒకరి నుంచి ఒకరికి చేరుతుంటాయి. వాటిలో ఊళ్ల కబుర్లు, పండుగల ఫోటోలు, పాత జ్ఞాపకాలు ఎన్నో ఉంటాయి. మరునాటికి అవి ఎవరికీ దొరకవు, వాటిలోని పొరపాటును దిద్దే దారీ లేదు. ఆ శ్రమలో పదో వంతు ఊరి పేజీల మీద పెట్టాలని, అదీ ఊళ్లో ఉన్నవారిని అడిగి, వారితో కలిసి రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను. మనం వదిలి వచ్చిన ఊరు మనకు గుర్తున్నట్టే ఉండదు. దిక్కులు కూడా మరచిపోతామని నాకు తెలిసివచ్చింది.

పోయిన నెల చూస్తే, చెరువు కింది వాగు పేరును ఎవరో చేర్చారు. చరిత్ర తెరిస్తే అది చిన్నాయన మొదటి సవరణ.