గంజాయి పరిశోధనకు తిరుపతి ముందుకు రావాలి

షుగర్ ముదిరినవాళ్లను అడిగితే అరికాళ్ల మంట ఏమిటో చెబుతారు. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి దుప్పటి అంచు తగిలినా కారం రాసినట్టు భగ్గుమంటుంది. మంచం దిగి, తడిగుడ్డ చుట్టుకుని, చల్లటి గచ్చు మీద కాళ్లు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవాళ్లు తిరుపతి, చిత్తూరు ఊళ్లలో ఎందరో ఉన్నారు. షుగర్ వల్ల వచ్చే ఈ నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ మాత్ర వేసుకుంటే కొందరికి మత్తు, తూలుడు. పెయిన్‌కిల్లర్లు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకు చేటు.

గంజాయి మొక్కలోని టీహెచ్‌సీ, సీబీడీ అనే రసాయనాల మీద పరిశోధకుల చూపు పడింది ఇలాంటి నొప్పుల కోసమే. మత్తెక్కించేది టీహెచ్‌సీ, సీబీడీ అలా చెయ్యదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1839లోనే కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు కీళ్లవాతం, ధనుర్వాతం రోగులకు గంజాయి మందు ఇచ్చి చూశారు. కానీ ఇన్నేళ్లయినా లెక్క తేలలేదు. పెద్దవాళ్ల దీర్ఘకాలిక నొప్పికి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయని 2017లో అమెరికా జాతీయ సైన్స్, వైద్య అకాడమీలు చెప్పాయి. నొప్పి మందుగా దీన్ని సమర్థించేంత ఆధారం లేదని 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం అంది. ఇలాంటప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోవడం రోగులకు చేసే అన్యాయం.

చట్టం అడ్డమన్న మాట నిజం కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 8వ సెక్షనే వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతితో దారి వదిలింది. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌కు చెందిన సంస్థ అలాగే ఈ మొక్కను పెంచి పరిశోధిస్తోంది. మరి స్విమ్స్ ఆస్పత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీ, ఆయుర్వేద కళాశాల, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ ఒకే చోట ఉన్న తిరుపతికి ఏం తక్కువ? ఆయుర్వేదం దీన్ని విజయ పేరుతో ఎప్పటినుంచో ఎరుగును. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, షుగర్ నరాల నొప్పి ఒక్కదాని మీదే, కొలిచిన డోసుతో రోగుల మీద ట్రయల్ (మందు పరీక్ష) మొదలుపెట్టాలి. అనుమతుల ఫైలు ఆఫీసుల చుట్టూ తిరగకుండా రాష్ట్ర ప్రభుత్వం చూడాలి.

ఏజెన్సీ నుంచి మన రోడ్ల మీదుగా తమిళనాడుకు సాగే గంజాయి రవాణా మీద మాకు రవ్వంత జాలి లేదు. కాలేజీ పిల్లల చేతికి పొట్లం చేరవేసేవాణ్ని పట్టుకోవాల్సిందే. లేత వయసులో టీహెచ్‌సీ మెదడుకు, మనసుకు చేసే హాని చిన్నది కాదు. నొప్పి పోతుందని ఎవరో చెప్పారని రోగులు సొంతంగా పీల్చడమూ, ఆన్‌లైన్‌లో దొరికే నూనెలు కొనడమూ ప్రమాదమే.

ట్రయల్ ఫలితం వచ్చాక, మందు పనిచెయ్యలేదని తేలినా సరే, దాన్ని తెలుగులో జనం ముందు పెట్టాలి. ఈలోపు కేన్సర్ రోగులకు తీవ్ర నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు అందేలా చూడాలి. దాని అనుమతులు సులువు చేస్తూ 2014లోనే చట్టం సవరించారు.